కప్పు లేని సాసరు

ఆ సాసరు ముట్టుకోకే తల్లీ! పెట్టెయ్, పెట్టెయ్. దాని కప్పేదంటావా? మ్యూజియంలో ఉంది. నవ్వుతావేంటి, నిజంగానే. కప్పంతా కాదులే, ఒక ముక్క. అద్దాల పెట్టెలో, పైన దీపం వేసి మరీ పెట్టారు. అదంతా మా బావ నిర్వాకం. బావంటే మా మేనత్త కొడుకు, నువ్వు పుట్టకముందే పోయాడు. వాడు చేసిన వెధవ పనుల్లో సగం నా చేత చేయించాడు, తిట్లు మాత్రం సమానంగా పంచుకున్నాం. ఏం చెప్తున్నా? ఆ, కప్పు. మా మామయ్య, అంటే వాళ్ళ నాన్న, ఓడలో వంటవాడు. ఓసారి సెలవుకి వస్తూ ఓడలోంచి ఆ ఓడ బొమ్మే ఉన్న కప్పూ సాసరూ సంచిలో వేసుకొచ్చేశాడు. అడిగి కాదులే, ఆ వంశమే అంత. కడిగిన మొదటిరోజే మా అత్త కప్పు అంచున నువ్వుగింజంత పెచ్చు లేపింది. మామయ్య మళ్ళీ వెళ్ళాడు, ఓడ మునిగిపోయింది. నడిసముద్రం, రెండు మైళ్ళ లోతు. మా అత్త ఒప్పుకుంటేగా! పూటపూటా ఆయనకో కంచం పెట్టేది. తలుపు చప్పుడైతే చాలు, "మీ మామయ్యేమో చూడరా" అనేది. ఇరవై ఏడేళ్ళమ్మా! బావకి పైకి కోతిచేష్టలే గానీ, ఆ కంచం చూస్తే ముద్ద దిగేది కాదు. ఓడెక్కడుందో చూపిస్తే అమ్మ నమ్ముతుందని వాడి ఆశ.

ఇంతలో సముద్రాల మీద పరిశోధన చేసే ఒక పెద్దసారు ఆ ఓడని వెతకడానికి బయల్దేరాడు. మేమిద్దరం ఎగబడి ఆయన ఓడలో పనికి చేరాం. బావ తీగ దించే యంత్రం మీద, నేను గ్రీజు మీద. గ్రీజేంటంటావా? తీగ చివర సీసపు గుండు కడతారు, దాని అడుగు గుంటలో గ్రీజు మెత్తుతారు. నేలకి తగిలితే అక్కడున్నది అంటుకుని పైకొస్తుంది. దిగడానికి గంట, రావడానికి గంట, వచ్చేది బురద. నలభై రోజులు బురదే! చివరికి పెద్దసారు విసిగిపోయి, "రేపు వెనక్కి వెళ్ళిపోదాం" అన్నాడు. మర్నాడు పొద్దున్నే బావ టీ తాగుతున్నాడు. ఏ కప్పులో? ఆ కప్పులోనే! చెప్పకుండా ఇంట్లోంచి తెచ్చేసుకుని, పిల్లి పగలగొట్టిందని మా అత్తకి చెప్పాడట. పాపం పిల్లికి వారం రోజులు పాలు బంద్. టీ గడగడా తాగేసి, కప్పుని కమ్మీకేసి టప్పున కొట్టాడు. ఆఖరిసారి దించిన గుండు పైకి రాగానే నా చేతిలో ఓ ముక్క పెట్టి "అద్దరా" అన్నాడు. అద్దాను. అద్దాక చూద్దును కదా, ముక్క పొడిగా ఉంది! ఇరవై ఏడేళ్ళు సముద్రంలో నానిన ముక్క, పొడిగా, పైగా టీ మరక! పెద్దసారు వచ్చేస్తున్నాడు. ఏం తోచక పక్కనున్న బకెట్టెత్తి గుమ్మరించాను. ముక్కా తడిసింది, పెద్దసారూ తడిశాడు. ఆయనకి కోపమొస్తేగా! ఓడ బొమ్మ చూసి తడిబట్టలతోనే గంతులేశాడు.

ఇంకో వారం ఆగాం. ఆరో రోజున కెమెరా దించితే నిజంగానే ఓడ కనబడింది. ఎక్కడ? నాలుగు మైళ్ళ అవతల! ముక్క అంతదూరం ఎలా వచ్చిందని పెద్దసారు సముద్రం అడుగు ప్రవాహాల మీద పుస్తకమే రాశాడు. బావ మొహం గంభీరంగా పెట్టి, "అయ్యుండొచ్చు సార్, నీళ్ళు కదా" అనేవాడు. ఇంటికొచ్చి ఓడ ఫోటో చూపిస్తే మా అత్త ఏమందో తెలుసా? "ఓడ మునిగింది సరే, మనిషి ఈదుకుంటూ ఎక్కడో తేలుండొచ్చుగా" అంది. ఆ పూటా కంచం పెట్టింది. వాడు ఏడవడం ఆ ఒక్కరోజే చూశాను. తర్వాత మ్యూజియంవాళ్ళు పిలిస్తే ముగ్గురం వెళ్ళాం. అత్త అద్దం ముందు ఆగింది. కళ్ళజోడు సర్దుకుని వంగింది. నువ్వుగింజంత పెచ్చు, దానికెదురుగా అద్దం మీద వేలు పెట్టింది. పక్కనే పెద్దసారు, నాకేమో చెమటలు, బావేమో పైకప్పుకేసి చూస్తున్నాడు. అత్త మెల్లిగా వాడి చెవి మెలిపెట్టి, పెద్దసారుకి వినబడకుండా, "పిల్లిని అన్యాయంగా మాడ్చాను కదరా వెధవా! మీ నాన్నే బతికుంటే నీ వీపు చీరేసేవాడు" అంది.

బతికుంటే, అంది. అన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట... వాడూ విన్నాడు, నేనూ విన్నాను.

సరే, ఆ సాసరు గోడవైపుకి జరిపి పెట్టు. నీ టీ చల్లారిపోతోంది, తాగు.