ఐదో ఇల్లు

2013 ఎండాకాలం. దామరచర్ల దగ్గర, కాలువ నీళ్లు ఎక్కని ఒక ఊరు. పొద్దున్నే మహిళా సంఘం లీడర్ యశోద ఎర్రయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఎర్రయ్య భార్య కొమురమ్మ ఆమెకు పెదనాన్న కూతురు.

“మీ సోలార్ల చేరనంటే చేరను. ఎన్నిసార్లు చెప్పాలె యశోదా?”

“చేరనన్న మాట మొన్నటి సంది ఇంటనే ఉన్న బావా. ఎందుకు చేరవో అది చెప్పు.”

“సూర్యుడు మనం చెప్పినట్టు ఇంటడా?”

“కరెంటోళ్లు ఇంటున్నరా? సగం రాత్రి ఇస్తరు, మడి తడవక ముందే గుంజుకుంటరు. సూర్యుడు ఎన్నడన్న లేటొచ్చిండా?”

“మొగులు పడితే?”

“మొగులు పట్టి వాన కొడితే నీకు మోటరెందుకే?”

“అది సరే. వాన పడకుంట వట్టి మొగులే ఉంటే?”

“ఉంటే ఉండనియ్. ఇప్పుడు రోజూ కోతలే గదా, ఏం జేస్తున్నవ్? సూడు బావా, ఐదిండ్లు కలిస్తేనే సోలార్ పంపు ఇస్తరట. మా ఇల్లు కలుపుకొని నాలుగిండ్లు అయినయ్. నీదొక్కటే తక్కువ. పగటాల్లకు పంపులిచ్చే ఆఫీసు సారు వస్తడు. ఐదో ఇల్లు లేదంటే ఆ పంపు మఠంపల్లి దిక్కు పోతది. నీ వరి ఎండి గడ్డి అయితది.”

“మన పక్క చేను సోమ్లా చేరిండా?”

“నువ్వు చేరితే చేరుత అన్నడు. చేరిండు.”

“నేనెక్కడ చేరిన?”

“చేరినవని చెప్పిన.”

“ఓసి నీ...!”

“గేమ్యాకు సోమ్లా చేరిండని చెప్పిన. మత్తయ్యకు గేమ్యా చేరిండని చెప్పిన. ఇప్పుడు నువ్వు కాదంటివా, అల్లిన చాప ఊడినట్టు వరుసగ అందరూ ఊడుతరు.”

“అబద్ధాల మీద పంపు పెడతవా?”

“పంపు బోరు మీదనే పెడతరు. అబద్ధాలు మనుషుల్ని కూడేస్తందుకు. ఒక్కడు ముందడుగేస్తే గద! ‘ఆయన చేరితే నేను’, ‘నేను చేరితే ఆయన’. గట్లయితే ఈ ఊర్ల పెండ్లిళ్లన్న అయితయా?”

“సరే, నీళ్లు ముందుగాల ఎవరికి?”

“వంతులు.”

“వంతులంటవ్. సోమ్లా మడి నిండినా వాల్వు తిప్పడు. ఆయన సంగతి నాకెరుకే.”

“నీ గురించి ఆయన గూడ గదే అన్నడు.”

“నా గురించా? ఏమన్నడు?”

“ఎర్రయ్య మోటరేసి గురక పెడతడు, గట్లు తెగి మా చేన్లు మునుగుతయ్ అన్నడు.”

“నేనా? మోటరు కాడ ఒక్క కునుకన్న తీస్తనా? అడుగు మీ అక్కను! ఏమే కొమురా, తీస్తనా?”

“తియ్యడు, యశోదా. కండ్లల్ల ఒత్తులేసుకొని కూసుంటడు.”

“నీకెట్ల తెలుసక్కా?”

“నేనూ పోత గద... బ్యాటరీలైట్ పట్టేటందుకు.”

“ఆయనకు చెయ్యి లేదా?”

“ఉన్నది. రెండు చేతుల్తోటి పార పట్టాలె గద!”

“అక్కా, నువ్వన్న చెప్పవే ఈయనకు. మొన్న మీ స్టార్టర్ డబ్బల కట్లపాము పండుకున్నదని ఊరంత చెప్పుకుంటిరి. మత్తయ్యకు చీకట్ల కరెంటు కొట్టి మిర్యాలగూడ దవాఖానల పడె. పగటి పూట నీళ్లు పారితే ఈ పరేషాన్ ఉంటదా?”

“ఆ పాము ఏమన్నదే? దాని తొవ్వన అది పాయె.”

“మంచి పామే, యశోదా. మీ బావ మంచిగ చెప్తే ఇన్నది.”

“మంచి పామా! ఇద్దరూ పాము దిక్కు మాట్లాడుతరేంది?”

“అది గాదే. సోలార్ల నీళ్లు కాగి వస్తయంట గద?”

“ఎవరన్నరక్కా?”

“నేనే సూసిన. కోదాడల పెండ్లికి పోతే లాడ్జి మీద సోలార్ పెట్టిర్రు. నల్లా ఇప్పంగనే పొగలొచ్చే నీళ్లు. చెయ్యి కాలింది. గా నీళ్లు పెడితే మన నాటు బతుకుతదా? ఉడుకుతది.”

“అది నీళ్లు కాగబెట్టే సోలారే, మా తల్లీ! ఇది మోటరు తిప్పేది. నీళ్లు బోర్లకెల్లి ఎట్లొస్తయో అట్లనే సల్లగొస్తయి.”

“ఏమో. మా ఆయన చేరొద్దంటే చేరొద్దు.”

“నేనెప్పుడు చేరొద్దన్ననే? నువ్వే కదా రాత్రి—”

“నువ్వూకో.”

“ఏందది బావా? రాత్రి ఏమన్నది?”

“ఏమనలే. నాకు ఇనరాలే.”

“అక్కా, అంటే అడ్డం పడేది నువ్వా? పంట ఎండుతున్నా అసలు సంగతి చెప్పవు. ఎవరి మాటన్న మనసుల పెట్టుకున్నవా? సోమ్లా పెండ్లాం భూలితోటి ఏమన్న పంచాదా?”

“భూలి బంగారమసొంటిది. ఎవరితోటి ఏం పంచాది లేదు.”

“మరేంది?”

“ఏం లేదంటున్న గద!”

“ఏం లేదంట, చేరరంట! సరే, నేను పోత. ఇగ సారుతోని నేనే చెప్పుకుంట. అసలే ఆయన ఇంకో పీకులాట పెట్టిండు. దొంగలు తీగలు కోసుకపోతరట, సోలార్ ప్లేట్ల కాడ రోజూ ఎవరో ఒకరు పండుకోవాలెనట. గుడిసె ఏసిస్తరట. గాడ పండుకునేటోడే దొరకకపాయె. మా ఇంటాయనతోటి కలిపి నలుగురినీ అడిగిన. ‘సోలార్ పెట్టుకునేదే రాత్రి ఇంటిపట్టున ఉందామని, మళ్ల గాడికి ఎందుకు పోతం’ అంటరు. ఇగ లాభం లేదు. లేస్త.”

“ఆగు. గుడిసె ఏస్తరా?”

“ఏస్తరట, బావా.”

“రోజూ పండుకోవాలెనా, ఒక్కొక్కరు వంతుల్లనా?”

“రోజూ పండుకుంటే మంచిదేనాయె. గని ఎవరు పోతరే?”

“కొమురా...”

“నన్నెందుకు సూస్తవ్? సరే అను.”

“సరే, యశోదా. చేరుతున్నం. మా పేరు రాయి.”

“ఏందీ! ఇంతసేపు బండకు చెప్పినట్టు చెప్తి గద!”

“కావలి మేముంటం.”

“మేమెవరు? బావ ఒక్కడు సాలు. ఈ వయసుల నీకెందుకక్కా ఆ చెల్కలల్ల నిద్ర?”

“ఒక్కడైతే ఉండడు.”

“ఎందుకుండడు? పామంటెనే భయం లేదాయె!”

“భయం గాదే... నవ్వొద్దు మల్ల. ఎవరికీ చెప్పొద్దు.”

“చెప్ప. చెప్పక్కా.”

“ఈ ఇల్లు సూస్తున్నవ్ గద. ఉన్నది ఒక్క అర్ర. కొడుకులు, కోడండ్లు, మనుమండ్లు, మంచంల మా అత్త. పొద్దంత ఈయన గొర్ల ఎంట, నేను పొయ్యి కాడ. ‘తిన్నవా’ అని అడుగుదామన్నా నడుమ పది మంది చెవులు. ఆ కరెంటు కోసం మోటరు కాడ కూసున్నప్పుడే గదనే, మేమిద్దరం ఇంత మాట్లాడుకునేది. పగటాల్లు నీళ్లొస్తే ఇగ ఏం సాకు చెప్పి పోతం?”

“అక్కా...”

“నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?”

“రెండూ అయితున్నయే. బావా, తల ఒంచుకున్నవేంది? సారుకు ఇంకేమన్న చెప్పమంటవా?”

“ఏం లేదు గని... జర ఆ గుడిసెకు తలుపు పెట్టమను.”