లేని బ్రేకు

బీమా ఆఫీసులో క్లెయిముల కౌంటరు, ఉదయం పదిన్నర. అద్దానికి అవతల ఉద్యోగిని, ఇవతల ఆమెకు ఒకప్పుడు కారు నేర్పిన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఆయన వెనక లైన్లో ఎవరూ లేరు. అయినా ఎవరో తోస్తున్నట్టే నిలబడ్డారు.

"అది కాదమ్మా, ఊరికే తెలుసుకుందామని. ఒక మనిషికి తన కారు మీద పాలసీ ఉందనుకో. నాకున్నట్టే. ఆ మనిషి ఇంకొకరి కారు నడిపాడనుకో. ఈ పాలసీ ఆ కారుక్కూడా పనికొస్తుందా, రాదా? అంతే. ఇందులో దాపరికం ఏముంది?"

"దాపరికం ఉందని నేనన్నానా మాస్టారూ?"

"అనలేదు. అంటావేమోనని."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం విన్నాను. నేనింకా గుమ్మడికాయ అననే లేదు. ముందు కూర్చోండి. కాలికేమైంది?"

"ఏమైంది?"

"కుంటుతూ వచ్చారు."

"ఆ, అదా. వయసు."

"ఒక్క కాలికే వచ్చిందా వయసు?"

"ఈ తెలివి క్లచ్చి దగ్గర చూపించి ఉంటే మూడోసారి దాకా టెస్టుకి వెళ్లేదానివి కాదు కదమ్మా. అడిగినదానికి చెప్పు."

"చెప్తున్నా. పనికిరాదు."

"రాదా?"

"మీ పాలసీ మీ బండికి కట్టినది మాస్టారూ, మీకు కాదు. మీరు ఇంకొకరి కారు నడిపితే ఆ కారు మీదున్న పాలసీ చూస్తాం."

"ఇరవై రెండేళ్లుగా ప్రతి బ్యాచికీ మొదటి రోజు ఏం చెప్తున్నానో తెలుసా? ఇన్సూరెన్సు మన నీడ లాంటిది, మనం ఏ బండెక్కితే అదీ ఆ బండెక్కుతుంది, అని."

"నాకూ చెప్పారు. నోట్సులో రాసుకున్నాను కూడా. ఇక్కడ చేరిన మొదటి వారం మా మేనేజరు ముందు అదే అప్పజెప్పాను."

"ఏమన్నాడు?"

"ఈ మాట నీకెవరు చెప్పారని అడిగారు. మీ పేరు చెప్పలేదు లెండి."

"చల్లగా ఉండు తల్లీ. అంటే నా చేతి కింద నేర్చుకున్న వెయ్యి మందీ నా మాట వినకపోవడం వల్లే క్షేమంగా ఉన్నారన్నమాట."

"అంత మాటెందుకు. అసలు ఎవరి కారు?"

"ఎవరిదీ కాదు. నా స్టూడెంటు ఒకడు. వాడి బంధువు కారు తీశాడు. నువ్వెరగవు."

"ఆయన్నే రమ్మనండి."

"సిగ్గుపడతాడు. వాడిది మొహమాటం మనిషి. సరే, ఆ కారు మీదున్న పాలసీ చూస్తామన్నావే, దానికేం కావాలి?"

"నడిపిన మనిషికి లైసెన్సు ఉండాలి. బండి యజమాని అనుమతి ఉండాలి."

"అనుమతంటే?"

"అనుమతంటే అనుమతే. నా బండి నేనే ఇచ్చాను అని ఆయన సంతకం పెట్టాలి."

"యజమాని నిద్రపోతున్నాడనుకో."

"నిద్రలో ఇచ్చారా అనుమతి?"

"ఇవ్వలేదు. అలాగని వద్దనీ అనలేదు. నిద్రపోయేవాడు వద్దని ఎలా అంటాడు?"

"మాస్టారూ."

"సరే, సరే. ఆ సంతకం లేకుండా ఏ దారీ లేదా? చిన్న సందు లాంటిది?"

"లేదు. ఫొటోలేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి. నా ఫోన్లోకి ఎలాగో వచ్చాయి. ఇదిగో."

"హెడ్‌లైటు పగిలింది. బంపరు ఊడింది. ఎంత వేగం మీద?"

"ఇరవై కూడా లేదు. మలుపు తిప్పమంటే, అంటే వాడు తిప్పుకుంటుంటే, గోడ వచ్చింది."

"గోడ వచ్చిందా?"

"ఎప్పట్నుంచో అక్కడే ఉందట. ధాన్యం గోడౌను వెనక గోడ. పొద్దున్నే అక్కడ పురుగు కూడా ఉండదు. అందుకే నేను, వాడు, అక్కడికి వెళ్లాడు. గోడ చూడగానే బ్రేకు తొక్కాడు. గట్టిగా తొక్కాడమ్మా. ప్రాణం పెట్టి తొక్కాడు. లేదు."

"బ్రేకు ఫెయిలైందా? అయితే మెకానిక్కు రిపోర్టు కావాలి."

"ఫెయిలవ్వలేదు."

"మరి?"

"లేదు."

"లేకపోవడమేంటి మాస్టారూ, బ్రేకు లేని కారుంటుందా?"

"అంటే, ఉండాల్సిన చోట ఉంది. తొక్కిన చోట లేదు."

"ఆ లోపలి ఫొటో మళ్లీ చూపించండి. అది కాదు, దాని ముందుది. ఇదిగో, పక్క సీటు కింద మ్యాటు మడతలు పడి ముందుకి దూసుకుపోయింది. స్టీరింగు కింద మ్యాటు ఇస్త్రీ చేసినట్టుంది."

"మ్యాట్లెవరు చూస్తారమ్మా."

"నేను చూస్తాను. ఇక్కడ నా పనే అది. మీ పక్కన నలభై రోజులు కూర్చున్నాను మాస్టారూ. ఎదురుగా లారీ కనిపిస్తే మీ కుడికాలు ఎంతెత్తు లేస్తుందో నాకు తెలుసు. స్కూలు కారులో మీ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఈ కారులో లేదు. ఆ కాలేనా కుంటుతున్నది?"

"మడమ వాచిపోయింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడిందంటారే, ఆ బల్లిని నేనేనమ్మా. బల్లే నయం, దానికి బోర్డు లేదు. నేను ఇరవై రెండేళ్ల అనుభవం అని రెండు రంగుల్లో రాయించుకున్నాను."

"మరి స్టీరింగు దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"దానంతటదే వెళ్లిందా?"

"నేనే నడిపానని రాసుకో."

"పక్క సీట్లో కూర్చునా?"

"నాకు చేతులు పొడుగు."

"నడపని మనిషి నడిపాడని రాస్తే క్లెయిమూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది."

"నీ ఉద్యోగం ఎందుకు పోవాలి. నా మూలంగా పోయినవి చాలు ఇవాళ్టికి. సరే. వదిన."

"ఎవరి వదిన?"

"నా వదినే. మా అన్నయ్య భార్య. కారు అన్నయ్యది. ఒకటే ఇల్లు, కింద వాళ్లు, పైన మేము. ఆవిడకి యాభై ఆరేళ్లు. నెల రోజుల నుంచి తెల్లారి ఐదున్నరకి ఆవిడని తీసుకెళ్లి నేర్పిస్తున్నాను. అన్నయ్య లేచేది ఏడింటికి. ఆరున్నరకల్లా కారు మళ్లీ షెడ్డులో ఉంటుంది."

"ఆవిడకి లెర్నర్ లైసెన్సుందా?"

"ఉంది. పోపుల డబ్బాలో దాచింది. కారుకి ఎల్ బోర్డు కూడా పెడతాను. వీధి మలుపులో పీకి సంచిలో వేసుకుంటాను. దొంగతనం చేసినా పద్ధతి ప్రకారమే చేశాం."

"స్కూలు కారులో నేర్పించొచ్చుగా మాస్టారూ. మీ బ్రేకు మీకుండేది."

"అనలేదనుకున్నావా? 'రేపు నేను నడపాల్సింది ఈ కారు, నీ రెండు బ్రేకుల కారు కాదు' అంది."

"ఎలా నడుపుతారు?"

"నీకంటే నయం."

"సంతోషం."

"బాగా నడుపుతుందమ్మా. తప్పు ఆవిడది కాదు, అది మాత్రం రాసుకో. ఆ మలుపు దగ్గర భయపడి ఆపబోయింది. నేనే ఆపనివ్వలేదు. 'తిప్పండి వదినా, తిప్పండి, బ్రేకు మీద నేనున్నాగా' అన్నాను. పిచ్చిది, నమ్మి తన కాలు తీసేసింది. అప్పుడు నేను తొక్కాను. కార్పెట్టుని. ఒకసారి కాదు, గోడ తగిలేదాకా తొక్కుతూనే ఉన్నాను. ఇంకా తొక్కడం లేదేంటా అని వదిన నా కాలు వంక చూస్తోంది."

"నవ్వొచ్చింది, ఏమనుకోకండి."

"నవ్వు. ఆవిడా నవ్వింది. తర్వాత ఏడ్చింది."

"ఇంత దాచడమెందుకు? ఆడవాళ్లు కారు నడిపితే మీ అన్నగారికి ఇష్టం లేదా?"

"అదైతే ఏనాడో పోట్లాడి గెలిచేది. అది కాదు. అన్నయ్యకి కళ్లు కనపడట్లేదమ్మా."

"అయ్యో. మొత్తానికేనా?"

"మొత్తానికి కాదు. రోజురోజుకీ తగ్గిపోతోంది. పోయిన నెల నడిరోడ్డు మీద కారాపి కూర్చున్నాడు. ఏంటన్నయ్యా అంటే సిగ్నలు పడిందన్నాడు. సిగ్నలు కాదు, ఫుట్‌పాత్ మీద ఎవరిదో ఎర్ర గొడుగు. ఆ గొడుగు ఇంటికి వెళ్లిపోతేగానీ మేము కదల్లేదు."

"ఎవరూ చెప్పలేదా ఆయనకి?"

"ఎవరు చెప్తారు? డాక్టరు దగ్గరికి వెళ్దామంటే కళ్లద్దాలు తుడుచుకుంటే చాలంటాడు. రోజుకి పదిసార్లు తుడుస్తాడు. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిందే ఆయనమ్మా. నా పక్కన కూర్చుని, చేతి మీద చెయ్యేసి. ఆయన్ని పట్టుకుని, నువ్విక దిగు అని ఏ నోటితో అంటాను? ఊళ్లోవాళ్లందరికీ వద్దు, కూడదు అని చెప్పే నోరు ఆయన ముందు పడిపోతుంది."

"అందుకని వదినగారికి నేర్పిస్తున్నారు."

"ఆవిడ ఆలోచనే. 'ఆయన తాళాలు కింద పెట్టిన రోజు పట్టుకోవడానికి ఇంట్లో ఒక చెయ్యి ఉండాలి, లేకపోతే పెట్టనే పెట్టరు' అంది. బాగా వచ్చాక ఒకరోజు మెల్లగా చెప్దామనుకున్నాం. ఇప్పుడు ఈ సొట్ట చూస్తే ఏమంటాడు? మీరు నడిపితే ఇలాగే ఉంటుంది, నేనే నడుపుతానంటాడు. తాళాలు మళ్లీ దిండు కింద పెట్టుకుంటాడు. ఆ కళ్లతో రోడ్డెక్కుతాడు. ఈసారి ఎదురుగా వచ్చేది గోడ కాదమ్మా, మనిషి. అందుకే నా పాలసీ గురించి అడిగాను. నా మీదే వేసుకుని, ఆయన దాకా వెళ్లకుండా బాగుచేయించి తెచ్చేస్తే సరిపోతుందని. ప్రస్తుతానికి కారు మీద కవరు కప్పేసి వచ్చాను. ఏంట్రా అంటే, ఎండకి రంగు వెలిసిపోతుంది అన్నయ్యా అన్నాను."

"ఏమన్నారు?"

"'మబ్బుగా ఉంది కదరా' అన్నాడు. అదొక్కటీ బాగానే కనపడింది."

"నిజం రాస్తే క్లెయిముకి అడ్డమేం లేదు మాస్టారూ. లెర్నర్ లైసెన్సుంది, బోర్డు పెట్టారు, పక్కన లైసెన్సున్న మీరున్నారు. కావలసింది మీ అన్నగారి ఒప్పుకోలు ఒక్కటే."

"అదొక్కటే లేదు. మింగలేక కక్కలేక ఉంది నా పని. నువ్వే ఫోన్ చేసి అడిగితే?"

"ఏమని? మీరు నిద్రపోతుండగా మీ కారు వెళ్లి గోడని గుద్దింది, మీకిష్టమేనా అనా?"

"అలా వద్దులే."

"బండి నంబరు చెప్పండి. పాలసీ ఇంకా నడుస్తోందో లేదో అయినా చూస్తాను."

"రాస్తే ఏమైనా నమోదవుతుందా?"

"చూడటం వరకే."

"ఇదిగో, చీటీ మీద రాశాను. పోయినసారి పాలసీ కట్టించిందీ నేనే, అప్పుడూ చదవలేదు."

"ఒక్క నిమిషం. మాస్టారూ."

"ఏంటి, గడువైపోయిందా?"

"పాలసీ బాగానే ఉంది. ఈ బండి మీద ఇవాళ తొమ్మిది నలభైకే క్లెయిము నమోదైంది."

"వదిన చేసేసిందా? ఆగమన్నానే. నేను వచ్చేదాకా కదలొద్దని చెప్పానే."

"వదినగారు కాదు. యజమాని. ఫోన్లో. పక్క కౌంటరాయన మాట్లాడి రాసుకున్నారు."

"అన్నయ్యా?"

"నడిపినది ఎవరు అన్నచోట ముందు ఆయన పేరే రాయించారు."

"ఆయన మంచం మీదున్నాడమ్మా. గురక వింటూనే గేటు తీశాను."

"కారణం కూడా రాసుంది. 'నాకు చూపు బాగా తగ్గిపోయింది, గోడ కనపడలేదు' అన్నారట."

"మళ్లీ చదువు."

"'నాకు చూపు బాగా తగ్గిపోయింది.'"

"ఆ మాట అన్నాడా? ఇంట్లో ఎవరి దగ్గరా అనలేదమ్మా. పెళ్లాం దగ్గరే అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోన్లో చెప్పాడా?"

"ఏ గోడ అని మావాడు అడిగాడట. 'ఏదో ఒక గోడ, మీకెందుకు' అన్నారట."

"మా ఇంట్లో అబద్ధం ఒక్కరికీ అతకదు."

"తర్వాత మాట మార్చారు. నడిపింది నా భార్య, నా అనుమతితోనే నడిపింది, పక్కన నా తమ్ముడున్నాడు, సంతకం కావాలంటే వచ్చి పెడతాను, అని."

"అనుమతితోనా? ఆయనకెలా తెలుసు?"

"అదీ రాసుంది. 'పదకొండేళ్ల నుంచి వాడుతున్న కారు, రోజూ తెల్లారి స్టార్టు చేస్తుంటే నాకు వినపడదా, పోయింది కళ్లేగానీ చెవులు కాదు' అన్నారట. ఇవాళ కవరు కింద చెయ్యి పెట్టి తడిమితే సొట్ట తగిలిందట. తాళాలు కూడా నెల రోజులుగా ఆయనే తలగడ కింద నుంచి తీసి టేబులు మీద పెడుతున్నారట. మీకు చీకట్లో వెతుక్కునే పని లేకుండా."

"టేబులు మీదే ఉండేవి. నేను, ఎంత మతిమరుపు మనిషైపోయాడో పాపం, అనుకునేవాణ్ణి."

"మాస్టారూ, మంచినీళ్లు తాగుతారా?"

"వద్దు. ఇంకేమైనా ఉందా అందులో?"

"చివర ఒక ముక్కుంది. ఇది మీకు చెప్పకూడదు."

"ఇంత చెప్పాక ఇంకేముందమ్మా. చదువు."

"'మా తమ్ముడు కుంటుకుంటూ మీ దగ్గరికొస్తాడు, నేను ఫోన్ చేసినట్టు చెప్పకండి. నాకు తెలిసిపోయిందంటే వాడు సిగ్గుపడి పాఠాలు ఆపేస్తాడు. ఆవిడకింకా రివర్సు రాలేదు.'"