ఒకే కుప్ప

కట్టెలు కోసే మిల్లు వెనక, రంపపు పొట్టు కుప్ప దగ్గర అన్న, చెల్లెలు.

“మూసెయ్. ఆ బస్తా మూతి మూసెయ్. పొట్టు లేదన్నానా!”

“కళ్ళెదుట కొండంత కుప్ప పెట్టుకుని లేదంటావేంటన్నయ్యా?”

“అది... వేరేవాళ్ళకి మాటిచ్చాను.”

“ఎవరికి?”

“ఎవరికో ఒకరికి. ఇంటికెళ్ళు చిట్టీ.”

“షెడ్డులో సగం అరలు ఖాళీ. పొట్టు లేకుండా పుట్టగొడుగులు నా నెత్తిమీద పెంచనా? ‘నా చెత్త మా చెల్లి పంట, దాని చెత్త పక్క తోటకి ఎరువు’ అని ఊరంతా చాటింపేసింది నువ్వేగా!”

“నేనే. నా నోరు పడిపోయినా బాగుండేది.”

“వదిన కడుపులో బిడ్డ మీద ఒట్టేసి చెప్పు, లేదని!”

“ఛ! ఆ మాటనకు.”

“మా ఆయన నడుం విరిగి మంచాన పడ్డాక నాకా షెడ్డే దిక్కు. కాళ్ళు పట్టుకోమంటావా? పట్టుకుంటాను.”

“అయ్యో, లే! లేవమ్మా. పొట్టు ముట్టుకోకు... ముందు చేతులు కడుక్కో.”

“చేతులెందుకు?”

“కడుక్కోమన్నానా!”

“అన్నయ్యా, నా మొహం చూసి చెప్పు. ఏమైంది?”

“కూల్చేసిన గోదాము దూలాలు కొన్నాను కదా. చెట్టు కొట్టకుండా పాత కలపే కోద్దామని నువ్వే అన్నావు.”

“అన్నాను. మంచి మాటేగా?”

“చెదలు పట్టకుండా వాటికి మందు పట్టించారట. విషం చిట్టీ. అక్కడ పనిచేసిన పెద్దాయన ఇందాకే వచ్చి చెప్పాడు. నేనేమో ఆ పొట్టూ ఈ పొట్టూ ఒకే కుప్పలోకి ఊడ్చేశాను. ఎప్పుడూ ఊడ్చినట్టే.”

“అంటే, పోయినసారి నేను తీసుకెళ్ళింది...”

“అదే. నీకెలా చెప్పాలో తెలీక చస్తున్నాను. దాంట్లో వేసిన పంట కోశావా? చెప్పవే, అమ్మేశావా?”

“కోశాను. అమ్మలేదు. హోటలు బండి సాయంత్రం వస్తుంది.”

“హమ్మయ్య! బతికించావు తల్లీ. బండి వెనక్కి పంపించెయ్. వాడేసిన పొట్టు తోటకి కూడా ఒక్క బుట్ట పోకూడదు. నీ నష్టం నాది, మిల్లు అమ్మైనా ఇస్తాను. ఏడవకు. ఎవరి నోట్లోకీ పోలేదు, అది చాలు... ఏంటి? ఏంటలా చూస్తావ్?”

“తొలికోత ఎప్పుడూ మీ ఇంటికేగా అన్నయ్యా... పొద్దున వదిన వద్దంటున్నా నేనే వండి, దగ్గర కూర్చుని తినిపించి వచ్చాను.”