రాజనర్సు తిన్న వియత్నాం బువ్వ

సిరిసిల్లల దుర్గయ్య చాయ హోటల్ ముందటి బల్లమీద రాజనర్సు కాలుమీద కాలేసుకున్నడంటే ఇంక ఎవ్వలూ లేవద్దు. లేస్తే ఆయన మనసు నొస్తది. ఇయ్యాల ఎదురుంగ ఆసామి భూమయ్యనే కూసున్నడు. భూమయ్య షెడ్డుల కొత్తగ నాలుగు మరమగ్గాలు దిగినయి, నడిపే మనిషి గావాలె. ఆ పని తన పెనిమిటి గంగారాంకే దొరకాలని ముత్తవ్వ నూలు కండెల గంప చంకలవెట్టుకొని, మొగన్ని ఎంటేసుకొని వచ్చింది. గంగారాం నోట్ల మాట బాయిల నీళ్లు, చేదుకోవాలె. అదే పనిమీద కన్నేసిన రాజనర్సుదేమో తెగిన చెరువు.

"భీవండిల పన్నెండేండ్లు మగ్గాలు నడిపిన మామా. ఓపారి మా సేటు పగటి బువ్వకు బొంబాయి తోల్కపోయిండు. వియత్నాం హోటల్! సోకులోళ్లే తింటరాడ."

"అమెరికాను ఉర్కిచ్చిన వియత్నామా?" అన్నడు భూమయ్య.

దుర్గయ్య చౌరస్తా దిక్కు జూసిండు. "మెల్లగనయ్యా! గోడలమీద అన్నలు రాసే పేరది. పోలీసోళ్లు ఇంటే నా హోటల్ బందువెడ్తరు."

రాజనర్సు గొంతు తగ్గించిండు గని కథ తగ్గియ్యలె. "పెద్ద గిన్నెల ఏడేడి చారు, అండ్ల బియ్యప్పిండి పోగులు. చెంచ లేదు, రెండు పుల్లలిచ్చిండ్రు. అందరు గుటకలు మింగుతున్నరు. నేను పుల్లకు పోగు సుట్టి కండె లెక్క గిర్రున తిప్పిన. గప్పుడేమయిందో ఎర్కేనా? గిన్నె ఒడిసింది, పోగు ఒడువలె! గుంజితే వంటింట్లకెల్లి డేగిస వచ్చింది, డేగిసను వట్టుకొని వంటాయన జారుకుంట వచ్చిండు. ఇడుస్తనా? రెండు కుర్చీల నడుమ పడుగు వోసి, చారు సల్లారక ముందే ఆరు మూరల తువ్వాల నేసిన."

"గంజి వెట్టని పడుగు తెగదా?" ముత్తవ్వ అడ్డం తగిలింది.

"బియ్యప్పిండి పోగు వదినే! గంజి దాంట్లనే ఉంటది."

భూమయ్య పకపక నవ్విండు. ఆ నవ్వు ఇని ముత్తవ్వ గంప కిందికి దించింది. గిట్ల నవ్వినోడు పని రాసిచ్చుడు ఎంతసేపు?

"తువ్వాల హోటలాయనకు కప్పిన. ఆయనెవలు? ఒంటిచేత్తోని ఇమానం కూల్చినోడు! బొటబొట ఏడ్సి, 'అన్నా, గిది అప్పుడుంటే అమెరికోని ఇమానాలన్నిటిని మూటగడుదుము' అన్నడు. నన్ను ఇమానంల సిరిసిల్లకు తోలుత అన్నడు. నేనే వద్దన్న, దించనీకి మనకాడ జాగేది?"

భూమయ్య షెడ్డు తాళంచెవి బయటికి తీసిండు.

ముత్తవ్వ గంపలకెల్లి ఓ కండె తీసి, పోగు టక్కున తెంపి, రాజనర్సు ముందట వెట్టింది. "పన్నెండేండ్ల చెయ్యి గదా మరిదీ, గిది అతుకు."

మగ్గం కాడ పోగు తెగితే రెండు వేళ్లతోని రెప్పపాటుల ముడేస్తరు, వేసినట్టు కండ్లకు గూడ కనవడదు. రాజనర్సు కొసలు రెండు తీసుకొని అడ్డంగ సుట్టి, నిలువుగ సుట్టి, పైన ఉచ్చువెట్టి, పంటితోని గుంజిండు. శనగ గింజంత ముడి తేలింది.

దుర్గయ్య వంగి జూసి తొడ చరుచుకున్నడు. "అరే, గిది మిర్చీల పొట్లం ముడి! దినాం నేను కట్టేదే!"

"హోటల్‌కు పోయింది నిజమే ఆసామీ," అన్నది ముత్తవ్వ. "బల్లకాడికి గాదు, పొట్లాలు కట్టేకాడికి."

గంగారాం ఆ పోగందుకున్నడు. గింజను గిల్లి పారేసిండు, రోడ్డు దిక్కు జూసుకుంటనే వేళ్లు కదిపిండు. ముడి యాడుందో భూమయ్య ఎతుక్కున్నడు, దొరకలె. తాళంచెవి గంగారాం చేతిల వెట్టిండు.

రాజనర్సు చాయ గుక్కెడు తాగి, మూతి తుడుసుకొని, కాలుమీది కాలు మార్చిండు.

"కట్టిన. కాదంటలేను. గని దినానికి పదివేల పొట్లాలు!"