నాలాలో బాప్తిస్మం

"కూర్చో చెల్లెమ్మా. నీళ్ళు వదలనని నేనన్నానేటి?"

అండమాన్‌లో మాయాబందర్ దాటాక కొండవాలున సంఘపెద్ద జీవరాజు సుపారీ తోట, అంటే వక్కతోట. వరండాలో కుర్చీ మీద ఆయన, కింద మెట్టు మీద మొగుడు పోయిన పుష్పవతి. వచ్చే ఆదివారం ఆమె కూతురు లవీనాకు బాప్తిస్మం. బాప్తిస్మాలిచ్చే మడుగు పుష్పవతి పెరటి పక్కనే ఉంది. కానీ అందులోకి పారే నాలాకు, ఆ కొండవాగుకు, పైన ఈయన అడ్డంగా కట్ట వేసి, సన్నటి ధార తప్ప నీళ్ళన్నీ తోటకు మళ్ళించుకున్నాడు. దేవుడి పనికి దేవుడి నీళ్ళే ఈ మనిషిని అడుక్కోవలసి వచ్చిందని ఆమెకు కడుపు మండిపోతోంది.

"వదుల్తానని కూడా అన్లేదు కద భయ్యా. పాస్టరుగారు అడిగి రమ్మన్నారు."

"ఎండలు చూస్తన్నావు కదా. సుపారీ మొక్కలింకా లేతవి."

"ఒక్క పూటే. మడుగు నడుందాకా నిండితే చాలు."

"డ్రమ్ముల్తో పోయించుకోరాదా?"

"మా ఆయన బాప్తిస్మానికి మునిగిన మడుగది. నేనూ మునిగేను. నువ్వూ అందులోనే మునిగేవు."

"మునిగేను. అప్పుడు నిండా నీళ్ళుండేవి."

"అప్పుడు కొండ మీద జంగిలుండేది."

"ఇదిగో, ఇదే నీ మనసులో ఉన్నది. జంగిలు కొట్టింది నేనొక్కణ్ణేనా? కొండ కొండంతా సుపారీ ఏసేరు."

"అందరూ ఏసేరు. కట్ట కట్టింది మాత్రం..."

"ఆగాగు. సర్కారీ ఆఫీసుకెళ్ళి నా మీద కంప్లైంటు ఇచ్చిందెవరు?"

"నా బాతులన్నీ తెల్లారేసరికి చచ్చి తేలేయి భయ్యా. నాలాలో దిగినప్పుడల్లా లవీనా కాళ్ళు పుండ్లు పడతన్నాయి. పైనుంచి గడ్డిమందు కలుస్తందని చెప్పేను. అంతే."

"కొడతంటే చూసేవా?"

"చూళ్ళేదు. వాసనొచ్చింది."

"వాసనకి కేసు పెడతారా? బాతులకి బీమారీ, రోగం రాదా? నా తోటలో గడ్డి కూలీలు కత్తుల్తో కోస్తారు. మందు చుక్క ముట్టను. బైబిలు మీద చెయ్యెయ్యమంటావా?"

"వద్దు భయ్యా. అంత మాటెందుకు."

"మన సంఘం పద్ధతి నీకు తెలీదా? ఇంట్లో ఎవరన్నా మునిగే ముందు, ఆ ఇంటోళ్ళు పడనోళ్ళ దగ్గరికెళ్ళి సమాధానపడాలి. తల్లి పగ పెట్టుకుని పిల్లని ముంచితే అది బాప్తిస్మమా, స్నానమా?"

"అందుకే వచ్చేను."

"నీళ్ళ కోసం వచ్చేవు."

"రెండిటికీ. నా మూలంగా నా పిల్ల బాప్తిస్మం చెల్లకపోతే ఎలాగని గుండెల్లో ఒకటే గుబులు."

"మరేం చేస్తావు?"

"కంప్లైంటు వాపస్ తీసుకుంటాను."

"ఎప్పుడు?"

"రేపే."

"చాలదు. ఆదివారం అందరి ముందూ లేచి చెప్పాలి. జీవరాజన్న మీద అబద్ధం చెప్పేనని."

"అబద్ధమనా... పొరపాటు పడ్డానంటే సరిపోదా భయ్యా?"

"నీ మాట నీ ఇష్టం. నీళ్ళు నా ఇష్టం."

పుష్పవతి మెట్టు మీంచి లేచింది.

"ఎల్తావా మరి?"

"చెప్తాను."

"ఏమని?"

"మందు కలిసిందన్నది అబద్ధం, నాలా నీళ్ళు మంచివే అని."

"ప్రభువు సాక్షిగా?"

"ప్రభువు సాక్షిగా."

"బస్, అంతే చాలు. మనసు తేలికపడిందా? శనివారం సాయంత్రం కట్ట తెగ్గొట్టిస్తాను. మడుగు నిండిపోద్ది. టీ తాగెళ్ళు."

"వద్దు భయ్యా. నీ మేలు మర్చిపోను. పిల్ల ఎదురు చూస్తంటది, చెప్పాలి."

"చెప్పు. అలాగే ఇంకోటి కూడా చెప్పు చెల్లెమ్మా. పాస్టరుగారు ముంచినప్పుడు నోరూ కళ్ళూ గట్టిగా మూసుకోమను. నిన్ననే కట్ట చుట్టూ గడ్డిమందు కొట్టించేను."