నక్క ముందుకాలు, నా భుజం

అదేంటమ్మాయ్, రేపటి నుంచి ఫిజియోథెరపీకి రావక్కర్లేదంటావేంటి? నొప్పి నాకా, నీకా?

ఆ గోడకున్న కప్పీ, తాడూ, అన్నీ నువ్వు చెప్పినట్టే లాగానా లేదా? అయినా ఇదిగో, ఇక్కడ, భుజం పలక అంచున... ఆఁ, అక్కడే. ఇంకా పట్టేసినట్టే ఉంది. నొక్కు. కొంచెం కిందికి. హమ్మయ్య!

ఎందుకొచ్చిందమ్మా ఈ నొప్పి అని మొదటి రోజు అడిగావు. వంగి పనిచేస్తానని చెప్పి ఊరుకున్నాను. ఏం పనో చెబితే నా చేతులు చూసి ఎక్కడ దూరం జరుగుతావోనని! నవ్వకు. పశువైద్య కాలేజీలో శరీర నిర్మాణం చెబుతాను. ఈ మధ్య నక్కల ముందుకాళ్లు కోస్తున్నాను.

చంపి కాదమ్మా, ఛ! రోడ్డు మీద బళ్ల కింద పడి చచ్చినవి, అటవీశాఖ వాళ్లు తెచ్చిస్తారు. అడవి నక్క కాలికీ ఇంటి కుక్క కాలికీ తేడా ఏంటో చూడాలని నా తాపత్రయం. తోలు తీసి, కొవ్వు గీకి, ఒక్కో కండనీ విడదీసి తూచాలి. మోచేతి వెనకాల కండ ఉంటుంది చూడు, నక్కకి అదెంత గట్టిగా ఉంటుందనుకున్నావ్! బొరియలు తవ్వే ప్రాణి మరి.

ఇదంతా మా అక్కకి చెప్పేదాన్ని. నేను పెళ్లి చేసుకోలేదు, అక్కకి మొగుడు పోయాడు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. కంచాల ముందు కూర్చుని నేను మొదలుపెట్టానా, "ఛీ ఛీ, తినేటప్పుడు నీ నక్కల గోలేంటే!" అని కసిరేది. కసిరి, కాసేపాగి, "ఊఁ, తర్వాత?" అనేది.

పోయింది. కిందటేడు. ఆఁ, నిద్రలోనే. సర్లే, ఆపకు, నొక్కు.

అది పోయిన కొన్నాళ్లకి ఒక ఆడనక్కని తెచ్చారు. ముసలిది, పళ్లన్నీ అరిగిపోయాయి. దాని ముందుకాలు ఒంటి నుంచి విడదీయాలి. మనకైతే మెడ కింద ఈ అడ్డం ఎముక ఉంటుంది కదా, చేతిని ఒంటికి తగిలించి ఉంచేది? నీకు చెప్పాలా! నక్కకి అది ఉన్నా లేనట్టే. కాలికీ ఒంటికీ మధ్య కీలంటూ లేదు. ఉత్త కండలే. భుజం పలక లోపలి నుంచి పక్కటెముకల మీదికి విసనకర్రలా పరుచుకుని ఒక కండ ఉంటుంది. రెండు కాళ్ల మధ్యా ఆ ఒళ్లు ఉయ్యాల్లో ఉన్నట్టు దాని మీదే ఆగుతుంది.

ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే, కొత్తేం కాదు. కానీ ఆ రోజు ఆఖరి పోగు తెగగానే కాలు మెత్తగా నా చేతిలోకి వచ్చేసింది. చప్పుడైనా కాలేదమ్మా! "చూడవే అక్కా" అనేశాను. పైకే.

గదిలో ఎవరున్నారు, చూడ్డానికి? ఫ్యాను తిరుగుతోంది. ఆ కాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ సాయంత్రం జడ వేసుకుందామంటే చెయ్యి పైకి లేవలేదు.

అలా వచ్చాను నీ దగ్గరికి. నువ్వు భుజం మీద చెయ్యి వేయగానే ఏడ్చాను కదా, "కాస్త ఓర్చుకోండమ్మా" అన్నావు. నొప్పి కాదు తల్లీ. అక్క పోయాక ఒక మనిషి నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. బజార్లో చిల్లర చేతిలో పెట్టేవాళ్ల వేళ్లు తగిలితే తగిలాయేమో.

ఏంటలా చూస్తావ్? నీకు తెలిసిపోయిందని నాకూ తెలుసులే. మొన్న గాలికి కిటికీ తలుపు కొట్టుకుంటుంటే లేచి పైగడియ పెట్టింది నేనేగా. ఏ చేత్తో పెట్టానో చూశావు. చూసి కూడా "రండమ్మా, పడుకోండి" అన్నావు.

నెల పైనే అయిందమ్మా ఈ చెయ్యి బాగయ్యి. పొద్దున్నే జడ నేనే వేసుకుంటున్నాను. ఇక్కడికి వచ్చే ముందు విప్పేసుకుంటున్నాను.

సిగ్గే మరి. సిగ్గు లేదని ఎవరన్నారు?

సరే, లేస్తాను. వద్దు, పట్టుకోకు, లేవగలను. ...లేదు, ఇవ్వు. ఎలాగూ చాపావు కదా, ఇవ్వు ఆ చెయ్యి.

బయట బెంచీ మీద ఒకావిడ మోకాలు పట్టుకుని కూర్చుంది, పాపం. ఆవిడది నిజం నొప్పిలాగే ఉంది. పిలువు.