రెండు మడతల నడికట్టు

భర్త పోయిన ఇన్నేళ్లకి ఆవిడ మళ్లీ పట్టు కిమోనో తొడుక్కుని, కనజావాలోని తన ఇంట్లో అద్దం ముందు నిలబడింది. నడికట్టు కట్టడానికి కూతురు వెనక చేరింది.

“ఆ ఒంటి మడతది చాలే. వెళ్లేది టీ పిలుపుకే కదా.”

“ఊహూఁ, ఈ బంగారు జరీది కడతా.”

“పిచ్చిదానా, అది రెండు మడతలది! సంతోషం రెట్టింపవ్వాలని పెళ్లిళ్లకి కట్టుకుంటారు. టీకి కట్టుకెళ్తే నలుగురూ నవ్వరూ?”

“టీకి వెళ్లేవాళ్లు పొద్దున్నుంచీ అద్దాన్ని వదలకుండా ఉంటారా? హమసాకి గారు నాకు ఫోన్ చేశారమ్మా. ఇవాళ గుళ్లో మీ ఇద్దరి పెళ్లికి నీ కిమోనో మీదకి ఏ రంగు టై నప్పుతుందని అడిగారు.”

“అయ్యో, ఆ మనిషి కడుపులో ఒక్క మాట దాగదు కదా! కోపమొచ్చిందా నీకు?”

“రాదా మరి? పెళ్లి చేసుకుంటున్నందుకు కాదు, టీకని నాతో బొంకినందుకు. నాన్న పోయినప్పుడు దుఃఖం రెట్టింపవ్వకూడదని నల్ల నడికట్టుని నేనే నీకు ఒంటి మడత వేసి కట్టాను. ఇవాళ రెండు మడతలూ నన్నే వేయనీ. ఇదిగో, బిగిస్తున్నా. ఊపిరి బిగబట్టు.”

“ఇన్నాళ్లూ బిగబట్టే ఉన్నానే తల్లీ. ఇప్పుడే వదిలాను.”